దొర తవ్విన గుంత

గుండువారిపల్లె,
22 జూన్ 2003, ఆదివారం.

పూజ్యులైన నాయన పెద్దన్న గారి పాదాలకు కూతురు చంద్రిక నమస్కారాలు.

పై వాక్యం నేను బడిలో పిల్లలకు ఉత్తరం రాయడం నేర్పేటప్పుడు బోర్డు మీద రాసేది. దాని తరువాత ‘ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను’ అని రాయాలి. నాకు అబద్ధం రాయబుద్ధి కావడం లేదు. ఇక్కడ క్షేమంగా ఉన్నది నువ్వు బెంగళూరు నుంచి పంపించిన కుక్క ఒక్కటే. మిగతా వాళ్ళం మట్టి తింటున్నాం. మాటవరసకు అనడం లేదు. నిన్న నా సంగటిముద్దలో నిజంగానే మట్టి తగిలింది, పంటి కింద కరకరమని.

యేసన్నా, ఈ ఉత్తరం మా నాయనకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. పోయిన ఉత్తరంలో నేను ‘రోత’ అని రాసిన చోటల్లా నువ్వు ‘కష్టం’ అని చదివావట. నాయన ఫోన్‌లో ‘ఏం పాపా, అంత కష్టమా’ అని అడిగినప్పుడే నాకు తెలిసిపోయింది. నువ్వు మంచి మేస్త్రీవే, మా నాయనను బాగా చూసుకుంటున్నావు, కాదనను. కానీ ఈసారి రోత అంటే రోత అనే చదువు.

నాయనా, దొర సంగతి మొదటి నుంచీ చెబుతాను. పక్క బంగళా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి కుక్కను గేటుకు కట్టేసి పోయారనీ, పదిహేను రోజులు నువ్వే నీ కూట్లో సగం పెట్టావనీ, మనసొప్పక తాడిపత్రికి ఖాళీగా తిరిగి వచ్చే బండల లారీలో ఎక్కించావనీ చెప్పావు. ఎంత కుక్కో మాత్రం చెప్పలేదు. లారీ డ్రైవరు రోడ్డు మీద దించి, ‘ఏమ్మా, ఇది కుక్కనా, దూడనా? బెంగుళూరు నుంచి నా బుజం మీదనే తల పెట్టి నిద్రపోయినాది, చూడు నా అంగీ’ అని చూపించాడు. అంగీ సగం జొల్లుతో అట్టగట్టి ఉంది. మీ అమ్మ సంగతి తెలుసు కదా, జేజి దాన్ని తల నుంచి తోక దాకా చూసి, ‘బంగళాలో పుట్టినాడు, పని చేయడు, యాళకు కూడు అడుగుతాడు. దొర కాకపోతే ఏమి?’ అంది. అప్పటి నుంచి అదే పేరు.

పగలు నేను బడికి, అమ్మ చెరువు పూడిక పనికి పోతాం. జేజి ఎదురింటి అరుగు మీదికి చేరుతుంది. వీధి కుక్కలు దొరను పీకుతాయని లోపల పెట్టి తలుపు వేసి పోయేవాళ్ళం. మొదటి సోమవారం నేను తిరిగి వచ్చి తలుపు తీస్తే, కడవలు పెట్టే మూల మోకాలి లోతు గుంత. అమ్మ ఉగాదికి ఎర్రమట్టి మెత్తి, పేడతో అలికి, ముగ్గు దిద్దిన నేల. ఒక కడవ బోర్లా పడి, అర మైలు నడిచి తెచ్చిన నీళ్ళన్నీ బురదైపోయాయి. ఆ బురదలో దొర వెల్లకిలా పడుకుని నన్ను చూసి తోక ఆడించాడు. మిద్దె గోడల మీద ఛాతీ ఎత్తు దాకా బురద చుక్కలు. నా బి.ఏ. సర్టిఫికెట్టు అద్దం మీద కూడా.

గుంత పూడ్చాను, అలికాను. మరుసటి రోజు మళ్ళీ అదే చోట తవ్వాడు. మిరపపొడి చల్లాను. అది ఒకసారి తుమ్మింది, మేము మూడు రోజులు తుమ్మాం. బండ పరిచాను. గోళ్ళతో దాని అంచు లాగి లాగి, గోళ్ళ నుంచి నెత్తురు కారుతుంటే కూడా ఆపలేదు. స్తంభానికి కట్టేశాను. ఆ అరుపు విని ఎదురింటి రామసుబ్బమ్మ, ‘బిడ్డను కొడతాండారేమో అనుకుంటి’ అని పరుగెత్తుకొచ్చింది. చివరికి జేజి ఒక మందు చెప్పింది: కుక్క తవ్విన గుంతలో ఆ కుక్క మలమే వేసి పూడిస్తే ఆ చోటికి మళ్ళీ రాదట. చేశాను నాయనా. మొట్టమొదట బడికి పోయి డిగ్రీ చదివినది మన ఇంట్లో నేనే కదా, ఆ చేతులతోనే చేశాను. దొర ఆ గుంతను ముట్టలేదు, నిజమే. దాని పక్కనే ఇంకొకటి తవ్వి, మధ్య గట్టు కూల్చాడు. రెండిటి మట్టీ కలిపి తొక్కి, ఆ కాళ్ళతో చాట మీద నడిచాడు, జేజి పరుపు మీద నడిచాడు. ఆ వాసన నా జడలోంచి రెండు రోజులు పోలేదు. బడిలో ఒకటో తరగతి పిల్ల ముక్కు మూసుకుని ఎక్కాలు చెప్పింది.

ఆ రోజు నేను దొరను కొట్టాను. కట్టెతో. ఇది నువ్వు వినాలి కాబట్టి రాస్తున్నాను. అది తిరగబడలేదు. అంత ఒళ్ళూ ముడుచుకుని, తలుపు వైపు మూతి పెట్టి పడుకుంది. దాని మీద ఉన్న రోత అంతా అప్పుడు నా మీదికి తిరిగింది.

మరుసటి శనివారం తాడిపత్రి పశువుల ఆసుపత్రికి పోయాను. డాక్టరు గారు మందు రాయకుండా ప్రశ్నలు వేశారు. ఎప్పుడు తవ్వుతుంది? ఎంతసేపు ఒంటరిగా ఉంటుంది? దినానికి ఎంత దూరం నడిపిస్తారు? నడిపించడమేమిటి, అది ఇల్లంతా నడుస్తూనే ఉంది కదా అన్నాను. ఆయన నవ్వలేదు. ‘కొట్టినావా అమ్మా?’ అని అడిగారు. తల వంచుకున్నాను. ‘కొడితే తవ్వేది మానదు. నువ్వు లేనప్పుడు తవ్వాల అని నేర్చుకుంటాది, అంతే. అంత ఒళ్ళుకు పని లేదు, ఎండ చూస్తే ఇట్లుండాది, ఇంట్లో తడి ఉండేది ఆ కడవల కిందనే. పైగా ఒకసారి గేటుకు కట్టేసి పోయినారు దాన్ని. మీరు తలుపు వేసినప్పుడల్లా మళ్ళీ పోయినారనే అనుకుంటాది. తవ్వుడు మాన్పించలేవు. చోటు మార్చు’ అన్నారు.

ఆయన చెప్పినట్టే చేశాను. జాలాడి పక్కన, మనం స్నానం చేసిన నీళ్ళు పారే చోట, నడుము లోతు గుంత తీసి ఎండిపోయిన వంక నుంచి ఇసుక తెచ్చి నింపాను. రోజూ అందులో రాగిముద్ద ముక్కలు, ఎముకలు పూడ్చిపెట్టి దాని చేతనే తవ్వించాను. ఇంట్లో కడవల దగ్గరికి పోయినప్పుడల్లా అరవకుండా, కొట్టకుండా, మెడలోని పట్టెడ పట్టుకుని బయటి ఇసుక దగ్గరికి తీసుకుపోయాను. ఉదయం ఎండ రాకముందు చెరువు కట్ట దాకా నడిపించాను. అది నన్ను నడిపించింది అనడం న్యాయం. ఇంకొకటి కూడా చెప్పారు. తలుపు వేసి వెంటనే తీసి లోపలికి రావాలి. మరునాడు వీధి మలుపు దాకా పోయి రావాలి. ఆ తరువాత కొట్టు దాకా. పోయినవాళ్ళు తిరిగి వస్తారని అట్లా కొంచెం కొంచెంగా నేర్పాలట. రామసుబ్బమ్మ నన్ను చూసి, ‘టీచరమ్మకు తల తిరిగినట్లుండాది, తన ఇంటికి తానే చుట్టం మాదిరి వచ్చి పోతాంది’ అని ఊరంతా చెప్పింది.

పది రోజులకు దారిలోకి వచ్చాడు. పూర్తిగా కాదు. మూడు రోజులు బయట తవ్వితే ఒక రోజు లోపల తవ్వేవాడు. అప్పుడొచ్చాడు మన బయ్యన్న చిన్నాయన.

చిన్నాయన నీ తమ్ముడు కాబట్టి మెత్తగా రాయాలని ప్రయత్నించాను, చేత కాలేదు. గోడ అవతలి నుంచి రెండు నెలలుగా చూస్తున్నాడట. ఒకరోజు చుట్ట కాలుస్తూ వచ్చి కడవల మూల గొంతుక్కూర్చుని, మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. ‘ఏమప్పా ఇది, ఇంత ఇల్లు పెట్టుకోని ఈ ఒక్క చోటే ఎందుకు తవ్వతాండాది? పాళెగాళ్ళు తిరిగిన నేల ఇది. కింద ఏదో ఉండాది’ అన్నాడు. జేజి అరుగు మీది నుంచే, ‘ఉండాదిరా, నీ తెలివి ఉండాది. చిన్నప్పుడు యాడనో పోగొట్టుకుంటివి కదా, తవ్వి తీసుకో’ అంది.

నేను తడి గురించి చెప్పాను, డాక్టరు గారి మాట చెప్పాను. ఆ మూలలో ఇంకో బండ వేసి, దాని మీద తిరగలి ఎత్తి పెట్టాను. తప్పు అక్కడే జరిగింది. చిన్నాయన నన్ను ఒక చూపు చూశాడు. మరునాటికి ఊరిలో మాట పుట్టింది: ‘పాప ఆ చోటు ఎందుకు మూసేస్తాంది? దానికి తెలుసు. సదువుకున్యాది కదా, ఒక్కతే తిందామని చూస్తాంది.’ మా హెడ్మాస్టరు కూడా హాజరు పట్టీ మీద సంతకం పెడుతూ, నిధి దొరికితే బడి పైకప్పు మరిచిపోవద్దు టీచరమ్మా అని నవ్వారు. నిన్న దాకా నాకు దారి ఇచ్చిన మనుషులు మన గుమ్మం ముందు ఆగి, లోపలికి మెడలు చాచి, గాలి పీల్చి పోయేవాళ్ళు. వానలు లేక చేలు ఎండితే ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయిన వాళ్ళకు, మన ఇంటి నేల చూసేసరికి నోళ్ళలో నీళ్ళు ఊరాయి. కుక్క జొల్లు కడిగితే పోతుంది నాయనా. ఈ జొల్లు ఎట్లా కడగాలో నాకు తెలియలేదు.

చిన్నాయన ఒక స్వామిని తెచ్చాడు. ఏ ఊరో అడిగితే ఆకాశం చూపించాడు ఆ స్వామి. వక్కాకు నమిలి మన గోడకే ఉమ్మాడు. నేను దిద్దుతున్న పిల్లల పలకల మీద నిమ్మకాయలు కోశాడు. గుంత చుట్టూ మూడుసార్లు తిరిగి, ‘చూపించింది కుక్క కదా, కుక్క నెత్తురు పడితేనే నిధి కదుల్తాది. లేకుంటే కిందికి దిగిపోతాది’ అన్నాడు. నేను ఇంట్లో నుంచి పొమ్మన్నాను. అమ్మ చీపురు తీసుకుంది. చిన్నాయన అమ్మతో, ‘వదినా, మా అన్న ఆడ కూలికి రాళ్ళు మోస్తాండాడు. ఈడ కాళ్ళ కింద ఉండేది తీసుకోకుంటే ఎట్లా? నేనేమన్నా నా కోసం చేస్తాండానా?’ అన్నాడు. నీ పేరు చెప్పి అడిగేసరికి అమ్మ చీపురు దించింది. అట్లా అని ఒప్పుకోలేదు.

గురువారం మధ్యాహ్నం నేను మూడో తరగతికి తీసివేతలు చెబుతుండగా జేజి కర్ర పట్టుకుని బడికి వచ్చింది. ఆ ఎండలో, చెప్పులు లేకుండా. తలుపు దగ్గర నిలబడి, ‘పిల్లా, నీ కుక్కకు కుంకుమ పెట్టినారు. పండగ గూడా కాదు’ అంది.

నేను ఎట్లా పరుగెత్తానో నాకు గుర్తు లేదు. మన ఎద్దులు అమ్మేసిన తరువాత ఖాళీగా ఉన్న గాటికి దొరను కట్టేశారు. నొసట కుంకుమ, మెడలో వేపాకు, మూతికి తాడు. వాడికి అదంతా ఏదో ఆటలాగా ఉన్నట్టుంది, నన్ను చూసి తోక ఆడించాడు. పక్కన స్వామి కొడవలికి పసుపు పూస్తున్నాడు. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. మన పొయ్యి మీదనే. ఆ కూర వాసన, ఊదుబత్తి వాసన, తవ్విన మట్టి వాసన, చుట్ట కంపు అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. నేను దొర మెడ చుట్టూ చేతులు వేసి కూర్చున్నాను. నన్ను లాగాలంటే లాగండి అన్నాను. తెరిచిన తలుపులోంచి చూస్తే, లోపల తిరగలి పక్కకు దొర్లించి, బండ పెకలించి, చిన్నాయన ఛాతీ లోతు గుంతలో ఉన్నాడు. గడ్డపార దేనికో తగిలి మెత్తగా చప్పుడైంది.

స్వామి లోపలికి ఉరికి, ‘ముట్టవాకండి! ముందు నెత్తురు!’ అని అరిచాడు. చిన్నాయన ఆగలేదు. పారతో మట్టి తీసి, గుడ్డలో చుట్టిన మూట ఒకటి పైకి తెచ్చి అందరి ముందూ విప్పాడు. ఒక పాత సీసా. అంతే.

స్వామి ఏమాత్రం తడబడలేదు. ‘చూస్తిరా? మనల్ని చూసి నిధి రూపు మార్చుకున్యాది. నెత్తురు పడనీ, మళ్ళీ బంగారం అయితాది’ అని కొడవలి తీసుకున్నాడు. చిన్నాయన సీసాను చూడడం లేదు. దాని మీది గుడ్డను చూస్తున్నాడు. జేజి వచ్చి ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని, ముఖానికి ఆనించుకుని, గోడ పక్కకు పోయి కూర్చుంది. చిన్నాయన పార పడేశాడు. మట్టి కుప్ప మీద కూలబడి, ‘లెయ్, పో’ అన్నాడు స్వామితో. స్వామి, ‘ఏమప్పా బయ్యన్నా, కోడి ఉడకతాంది కదప్పా, తినేసి పోతా’ అన్నాడు. చిన్నాయన కూర దబర ఎత్తి వీధిలో బోర్లించాడు.

తరువాత తానే వచ్చి దొర కట్లు విప్పాడు. నొసట కుంకుమ తన పంచె చెంగుతో తుడిచాడు. దొర ఆయన ముఖం అంతా నాకి, నేరుగా ఇంట్లోకి పోయి, ఊరు ఊరంతా ఆశపడిన ఆ చల్లటి గుంతలో దిగి పడుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు ఏడవలేదు కూడా. వాకిట్లో కూర్చుని వాంతి చేసుకున్నాను.

మరునాడే చిన్నాయన పనిలో దిగాడు. వంక నుంచి తట్టతో మట్టి మోసి గుంత తానే పూడ్చాడు. తానే దిమ్మిస కొట్టాడు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గోడ మీది నుంచి తల పెట్టి, ‘మా అన్న ఎప్పుడొస్తాడంట?’ అని అడుగుతున్నాడు. నాకు తెలియదు అంటున్నాను. దొరను ఇప్పుడు నాతో బడికే తీసుకుపోతున్నాను. చింతచెట్టు కింద పడుకుంటాడు. హెడ్మాస్టరు ఒప్పుకోలేదు కానీ, వాడిని లేపి పంపించే ధైర్యం కూడా ఆయనకు లేదు. నిన్న కావాలనే ఇంట్లో ఒంటరిగా పెట్టి, జేజిని కూడా పిలుచుకుని, గంటసేపు గుడి దాకా పోయి వచ్చాం. తలుపు తీస్తే నేల నేలగానే ఉంది. దొర తలుపు వైపు మూతి పెట్టి కూర్చుని ఉన్నాడు. తిరిగి వస్తామని వాడికి నమ్మకం కుదిరినట్టుంది.

వాన ఇంకా రాలేదు. మబ్బు వచ్చి చూసి పోతోంది.

ఇట్లు, మట్టి కడుక్కున్న చేతులతో, నీ చంద్రిక.

యేసన్నా, ఇక్కడితో ఆపు. కింద పెద్ద అక్షరాలతో రాసినది నువ్వు చదవాల్సింది కాదు. కాగితం మా నాయన చేతికి ఇచ్చి కాసేపు బయటికి పో. నాయనా, రాత్రి బడిలో నా దగ్గర గుణింతాల దాకా వచ్చి, ఒత్తుల దగ్గర ఆగిపోయి బెంగళూరు వెళ్ళావు. ‘అమ్మ’ తప్ప ఇంకే ఒత్తూ నీకు రాదు. అందుకని నీకు వచ్చిన అక్షరాలతోనే రాశాను. తొందర లేదు. కూడబలుక్కుని చదువుకో.

తా.క.

నాయనా,
ఇది నీకే.
ఆ సీసా పురుగుల మందు.
పోయిన ఏడు, శెనగకాయ పండని ఏడు, నీ మంచం కింద చూసినా.
మూత తీయలేదు నీవు.
నీ తువాలులో ఉంచి, కడవల కింద నేనే పాతినా.
నీవు దాని కోసం రెండు దినాలు వెదికినావు. నేను చూసినా.
నీవు అడగలేదు. నేనూ అనలేదు.
మూడో దినం నీవు బెంగళూరు పోతివి.
దొర దానిని కొరికితే పోతాడని భయం. అందుకే ఆ గుంత మూసినా.
తువాలు నీదని జేజికి తెలిసింది. అమ్మకూ తెలిసింది. నీ తమ్ముడు పార పడేసినది అందుకే.
మందు మరల పాతినా. ఊరికి దూరం. చాలా లోతు.
దొరకు దొరకదు. నీకూ దొరకదు.
నా రోత ఆ సీసా మీదే. నీ మీద లేదు.
వాన రాకపోయినా, నీవు రా.

నీ కూతురు